ముడి ఎత్తి రమ్మన్నారు

తిరువళ్ళూరు,
ఆగస్టు 1938

చిరంజీవి చంద్రావతికి,

మామ మునిరత్నం దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, మీ అత్త కృష్ణమ్మకు మోకాలి నొప్పి తప్ప. క్షేమసమాచారం అయిపోయింది కాబట్టి అసలు సంగతికి వస్తాను.

స్టేషను వెనక మైదానంలో టూరింగు టాకీసువాళ్ళు మళ్ళీ డేరా వేశారు. సాయంత్రం డేరా కొసన కట్టిన గొట్టంలోంచి పాట మొదలైందంటే, మీ అత్త అన్నం వార్చకముందే నేను వీధిలో ఉంటాను. నేల టికెట్టువాళ్ళు ఇసుక పోగేసి సింహాసనాలు చేసుకుంటారు, వెనకవాళ్ళు కాళ్ళతో తన్ని కూల్చేస్తారు. ఉన్నది ఒకే మెషీను. అందుకని రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలుగుతాయి, సోడాలవాడు అరుస్తాడు, ఏడుస్తున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుని మురుకులు కొంటారు. రీలు తిరగగానే మళ్ళీ ఏడుపు మొదలు.

ఈసారి ఒక బాలవితంతువు కథ. పాటలు బాగున్నాయి, ఏడుపులు బాగున్నాయి. కానీ ఆ అమ్మాయి తలకు గుండులా కనబడాలని రబ్బరు టోపీ తొడిగారు. చెవి పక్కన దాని అంచు లేచిపోయి కనిపిస్తూనే ఉంది. ఆమె దుఃఖపడి నుదురు చిట్లిస్తే టోపీ కూడా చిట్లింది. నా పక్కన కూర్చున్న నటరాజు, "అన్నా, తలమీద దోసె పోసినారా?" అన్నాడు. డేరా అంతా నవ్వింది. చావు ఘట్టం అది.

నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి నిజంగా తల గీయించుకుని వచ్చి నిలబడి ఉంటే జనం లేచి దణ్ణం పెట్టేవాళ్ళు. నటన అంటే అదీ. జుట్టు మళ్ళీ మొలుస్తుంది, సినిమా మళ్ళీ మొలవదు.

పాటల పుస్తకం దీనితో పంపుతున్నాను. మీ అమ్మను అడిగానని చెప్పు. చీరలు సిద్ధమైతే ఒక కార్డు రాయి, వచ్చి మూట పట్నం తీసుకువెళతాను.

మామ,
మునిరత్నం

*

తిరుత్తణి,
సెప్టెంబరు 1938

మామకు చంద్రావతి నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అత్త మోకాలి గురించి ఒక ముక్క, రబ్బరు టోపీ గురించి పేజీ. అమ్మ నవ్వి, "మా తమ్ముడు చిన్నప్పటినుంచీ ఇంతే" అంది.

మీరు పంపిన పుస్తకం అప్పుడే నలిగిపోయింది. పాటలున్నాయి గానీ వరసలు ఎలా తెలుస్తాయి? నాకు తోచిన వరస కట్టుకుని కండెలు చుడుతూ పాడుకుంటున్నాను. మగ్గం చప్పుడే తాళం. ఎదురింటి సుందరవల్లి ఆ సినిమా పట్నంలో చూసి వచ్చింది. నా పాట విని, "అది అట్ల కాదే, వేరే మెట్టు" అంది. అసలుది పాడి చూపించింది. మళ్ళీ తనే, "నీదే బాగుండాది పో" అని లేచి వెళ్ళిపోయింది.

అవ్వ వరదమ్మకు మాత్రం నా పాట ఎప్పుడూ సగంలోనే చెవిన పడుతుంది. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే, కొండమీది స్వామికి నా తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట. ఏటా కొండమీద ఆడికృత్తిక ఉత్సవం రాగానే, "ఈసారన్నా బిడ్డకు ముడి ఎత్తించండే" అని పాట మొదలుపెడుతుంది. అమ్మ ఏదో సాకు చెప్పి తప్పిస్తుంది. మీ ఊళ్ళో గుండు అంటారేమో గానీ మామా, ఇక్కడ ఆ మాట అంటే అవ్వ నోటిమీద కొడుతుంది. ముడి ఎత్తడం అనాలి.

చీరలు వచ్చే వారానికి సిద్ధం. వచ్చేటప్పుడు ఇంకో పుస్తకం తీసుకురండి.

చంద్రావతి

*

తిరువళ్ళూరు,
అక్టోబరు 1938

చిరంజీవి చంద్రావతికి,

నువ్వే వరసలు కట్టుకుంటున్నావని చదివినప్పటినుంచీ నాకు మరో ధ్యాస లేదు.

మొన్న మీ చీరల మూటతో చింతాద్రిపేట కొట్టుకు వెళితే, అక్కడ గోపాలన్ అనే ఆయన కనిపించాడు. సినిమా కంపెనీ మనిషి, రాణివేషానికి చీరలు బేరం చేస్తున్నాడు. రాణులు ఎలాంటి అంచు కట్టాలో నేను చెప్పాను. ఆయన చెప్పింది నేను వినలేదు, నేను చెప్పింది ఆయన విన్నాడు, అలా స్నేహం కుదిరింది. ఈ మధ్య చూసిన చిత్రాల మంచిచెడ్డలు చెప్పాను. ఒకదాంట్లో రాజు అంతఃపురంలో మాట్లాడుతుంటే వెనక కాకి అరిచింది. ఇంకొకదాంట్లో నాయిక పాడుతూ పాడుతూ కళ్ళు పక్కకు తిప్పి మైకు ఎక్కడుందో చూసుకుంది. అవన్నీ విని గోపాలన్ తల పట్టుకుని, "పాడేవాళ్ళకు ముఖం లేదు, ముఖం ఉండేవాళ్ళకు గొంతు లేదు. ఏమి చేసేది సార్?" అన్నాడు.

"మా అక్క కూతురు ఉండాది" అన్నాను. అనేశాను. మీ అమ్మను అడగలేదు, నిన్నూ అడగలేదు. వచ్చే శుక్రవారం స్వామి దర్శనానికి తిరుత్తణి వస్తున్నాడట, ఇంటికి వచ్చి నీ పాట వింటాడు. కాఫీ ఇవ్వండి. అవ్వను వరండాలో కూర్చోబెట్టండి.

మామ,
మునిరత్నం

*

తిరుత్తణి,
నవంబరు 1938

మామకు,

మీ గోపాలన్ గారు వచ్చారు. అవ్వ వరండాలో కూర్చోలేదు. ఆయన ఎదురుగా కూర్చుంది.

పుస్తకంలో పాట ఒకటి నా వరసలో పాడాను. మొదటి చరణం దాకా గొంతు వణికింది, తరువాత ఆయన ఉన్న సంగతి మరిచిపోయాను. అయిపోయాక ఆయన అరవంలో, "కురల్ రొంబ నల్లా ఇరుక్కు" అన్నారు. గొంతు చాలా బాగుందని ఇంతవరకు మన ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ అనలేదు. ఇంటి మనుషులు అంటే అది వేరు కదా.

ఆ తరువాత జడ విప్పి చూపించమన్నారు. అమ్మ నా వెనక నిలబడి విప్పింది. నడుము దాటిన జుట్టు చూసి ఆయన తల ఊపారు గానీ ఎందుకు చూశారో చెప్పలేదు. సినిమాలో ఒక పాట ఉందట, పాడేవాళ్ళే వేషం కట్టాలట. వేషం ఏమిటంటే, "డైరెక్టరు చెప్తాడు" అన్నారు.

ఆయన వెళ్ళాక అవ్వ ఒకటే మాట: "పాడితే పాడనీ. స్వామి మొక్కు పెట్టుకోని గడప దాటితే మాత్రం నేను ఒప్పుకోను." రాత్రి అమ్మ నా తల దువ్వుతూ చాలాసేపు కూర్చుంది.

నాకు పాడాలని ఉంది మామా. ఇంతకు ముందు ఎప్పుడూ ఇలా రాయలేదు. మిగతావన్నీ సరదాకు రాశాను, ఇది మాత్రం నిజం.

చంద్రావతి

*

తిరువళ్ళూరు,
నవంబరు 1938

చంద్రావతికి,

తొందరలో రాస్తున్నాను. ఖాయమైంది. సోమవారం పొద్దున రైలుకు అవ్వను తోడు తీసుకుని బయలుదేరు, అరక్కోణంలో మారండి, ఇక్కడ నేను మీ పెట్టెలోకి ఎక్కుతాను. వేషం ఏమిటో నాకు తెలిసింది, కానీ చెప్పను. వచ్చాక నువ్వే చూసి మురిసిపోతావు.

ముఖ్యమైన సంగతి. ముడి ఎత్తి రమ్మన్నారు. గోపాలన్ గారు రెండుసార్లు చెప్పారు, అందుకని నేనూ రెండుసార్లు రాస్తున్నాను, ముడి ఎత్తి రావాలి. అక్కడికి వచ్చాక ఆ పనికి వ్యవధి ఉండదు, ఇంటి దగ్గరే కానిచ్చుకుని రా.

మామ

*

తిరుత్తణి,
ఆదివారం

మామకు,

ఈ ఉత్తరం ముందు చేరుతుందో నేను ముందు చేరతానో తెలియదు. మనసు ఆగక రాస్తున్నాను.

పొద్దున కొండమీద ముడి ఎత్తించాను. మీ ఉత్తరం చదవగానే అమ్మ కూలబడింది. అవ్వ మాత్రం చేతులెత్తి మొక్కి, "స్వామే ఆ కంపెనీవాని నోట అనిపించినాడు" అంది. నేను లోపలికి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఆ పైన మీరు ఆ వితంతువు చిత్రం గురించి రాసింది గుర్తొచ్చింది. వేషం ఏమిటో మీరు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. గోపాలన్ గారు జడ విప్పించి చూసింది కూడా అందుకే, అంత జుట్టు వదులుకోగలనా లేదా అని.

నా తలమీద ఎవరూ దోసె పోయనక్కర్లేదు మామా. మంగలి ఏళుమలై నీళ్ళు చల్లుతుంటే కళ్ళు మూసుకుని పాట నెమరువేసుకున్నాను. అమ్మ కొండకు రాలేదు.

జుట్టు మళ్ళీ మొలుస్తుంది, సినిమా మళ్ళీ మొలవదు. మీ మాటే.

చంద్రావతి

*

తిరువళ్ళూరు,
డిసెంబరు 1938

చిరంజీవి చంద్రావతికి,

నీ ఆదివారం ఉత్తరం మీరు పట్నంనుంచి తిరిగి వెళ్ళిన మరునాడు చేరింది.

నీకు విచారంగా ఉంటుందని తెలుసు. మైకు గదిలో నువ్వు పాడినంతసేపూ నేను తలుపు బయటే ఉన్నాను. బాగా పాడావు. తరువాత నిన్నూ అవ్వనూ అంతసేపు వరండాలో కూర్చోబెట్టడం వాళ్ళ తప్పు. గోపాలన్ గారు నన్ను పక్కకు పిలిచి చెప్పింది నీకు రైల్లో చెప్పాను కదా. కథ మార్చేశారట, నీ వేషం తీసేశారట. సినిమా కంపెనీలంటే ఇంతే, పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. నువ్వు మనసులో పెట్టుకోవద్దు.

ఇక్కడ రైలుపెట్టెలో నువ్వు కొంగు తీసి "బాగుండానా మామా?" అని అడిగినప్పుడు బాగున్నావన్నాను. అది ఉత్త మాట కాదు.

డేరాలో ఏదో ఆడుతోంది. వెళ్ళలేదు. అమ్మకు నా నమస్కారం.

మునిరత్నం

*

తిరుత్తణి,
ఫిబ్రవరి 1939

మామకు,

మీరు రాసి చాలా రోజులైంది. రాసినా సినిమా గురించి ఒక్క ముక్క ఉండదు. అత్త మోకాలి గురించి పేజీ రాశారు. అమ్మ భయపడి, "వానికి ఒళ్ళు బాగుండాదా?" అని అడిగింది.

నేను బాగున్నాను. వీధిలో పిల్లలు కొన్నాళ్ళు వెంటపడ్డారు, ఇప్పుడు వాళ్ళకూ అలవాటైంది. అవ్వ మాత్రం మొక్కు తీరిందని ఊరంతా చెప్పుకుంటోంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఇంత నిశ్చింతగా ఉండడం నేను చూడలేదు.

మైకులో గొంతు వేరేగా పడుతుందట కదా. సుందరవల్లి చెప్పింది. కొందరికి బయట బాగుంటుంది, మైకులో గీరినట్టు వస్తుందట. మీకు తెలిసే ఉంటుంది. తెలిస్తే రాయండి, నేనేమీ అనుకోను.

మగ్గం దగ్గర ఇప్పుడు పాడడం లేదు. పని ఎక్కువగా ఉంది.

చంద్రావతి

*

తిరువళ్ళూరు,
నవంబరు 1939

చిరంజీవి చంద్రావతికి,

ఆ కంపెనీ సినిమా దీపావళికి పట్నంలో వచ్చిందని నీకు తెలిసే ఉంటుంది. నేను చూడలేదు. చూసినవాళ్ళు బాగాలేదంటున్నారు. కథ లేదట, పాటలు లేవట, రాణి లావుగా ఉందట. మీ ఊరికి వచ్చినా పోవద్దు, డబ్బు దండగ.

మైకు సంగతి అడిగావు. అప్పుడే జవాబు రాయాల్సింది. నాకు అంతగా తెలియదు.

మునిరత్నం

*

తిరుత్తణి,
మార్చి 1940

మామకు,

మీరు వద్దన్న సినిమా మా ఊరి డేరాకు వచ్చింది. నేను వెళ్ళాలనుకోలేదు. అవ్వే, "మన బిడ్డను కూచోబెట్టిన కంపెనీ ఏం తీసిందో చూస్తాం రా" అని లాక్కెళ్ళింది.

ఆడవాళ్ళ వైపు ఇసుకలో కూర్చున్నాం. మూడో రీలో నాలుగో రీలో, రాణి ఉయ్యాలలో ఊగుతుంటే చెలికత్తె పక్కన నిలబడి పాడింది. జుట్టంతా పైకెత్తి నడినెత్తిన పెద్ద కొప్పుగా చుట్టి, చుట్టూ పూలు పెట్టారు. అవ్వ నా మోచేతిమీద పొడిచి, "ఏమే చంద్రా, ఆ పిల్లకు ముడి ఎంత ఎత్తి కట్టినారో చూడు. గోపురం మాదిరి ఉండాది" అంది.

"ఏమంటివి అవ్వా?" అన్నాను.

"ముడి ఎత్తి కట్టినారంటిని. చెవుడా నీకు?"

ఆ తరువాత సినిమాలో ఏమైందో నాకు తెలియదు. రీలు అయిపోయి దీపాలు వెలిగాయి, సోడాలవాడు అరిచాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. మీరు రాసినట్టే ఉంది అంతా.

మామా, మీరు రాసిన ముడి అదేనా? ఆ చెలికత్తె వేషమేనా నాకు చెప్పకుండా దాచింది? కథ మారలేదు కదా. వేషం తీసేయలేదు కదా.

తప్పు రాసినందుకు నాకు కోపం లేదు. మీరు అటు రాశారు, మేము ఇటు చదివాం, మాకూ నోరుంది, అడిగి ఉండవచ్చు. కానీ ఆ రోజు రైల్లోనే చెప్పి ఉంటే, "అయ్యో, నా మాట తప్పుగా పడింది తల్లీ" అని ఉంటే, అక్కడే ఏడ్చి ఊరుకునేదాన్ని. మీరు బాగున్నావన్నారు. ఇన్నాళ్ళూ నా గొంతు బాగాలేదనే అనుకున్నాను. మైకులో పడని గొంతు మగ్గం దగ్గర మాత్రం ఎందుకని పాట మానుకున్నాను. పని ఎక్కువగా ఉందని మీకు అబద్ధం రాశాను.

అవ్వకు ఏమీ చెప్పలేదు. మీరూ చెప్పవద్దు. స్వామే అడిగి తీసుకున్నాడని ఆవిడ నమ్మకం, అలాగే ఉండనివ్వండి.

చంద్రావతి

*

తిరువళ్ళూరు,
మార్చి 1940

చంద్రావతికి,

అదే ముడి. అదే వేషం.

గోపాలన్ గారు అరవంలో "ముడియ ఎడుత్తు కట్టి" తీసుకురమ్మన్నారు. జుట్టు ఎత్తి కట్టుకుని రమ్మని. నేను తొందరలో సగం తెలుగు చేసి, కట్టడం వదిలేసి, ముడి ఎత్తడం ఒక్కటే రాశాను. మీ ఊళ్ళో ఆ మాటకు అర్థం ఏమిటో నువ్వు నాకు ముందే రాసి ఉన్నావు. నీ ఉత్తరాలన్నీ నిన్న తీసి చదివాను, పాటల పుస్తకం అందాక రాసిన మొదటి ఉత్తరంలోనే ఉంది. అప్పుడు నేను నీ పాట దాకా చదివి, అవ్వ మాటలు వచ్చేసరికి కళ్ళు కిందికి దించేశాను. సినిమాకు పనికిరాని పంక్తులని.

ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా కూర్చుంటే నాకు అన్నం సహించదు. ఆ రోజు గోపాలన్ గారు నన్ను పక్కకు పిలిచి అన్నది వేరు. "మైకులో ఆ గొంతు విన్నాం సార్, అట్లాంటిది మాకు దొరకలేదు. ఈ సినిమాకు కుదరదు, విగ్గు పెడితే జనం నవ్వుతారు. జుట్టు పెరిగినాక తీసుకురండి, ఇంకో సినిమా ఉండాది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు.

నిన్ను మళ్ళీ తీసుకువెళ్ళాలంటే మొదటిసారి ఏమైందో చెప్పాలి. చెప్పలేకపోయాను. ఎక్కడ మైకు కనబడిందో, ఎక్కడ కాకి అరిచిందో పట్టుకుని ఊరందరినీ వెక్కిరించినవాణ్ణి. ఒక్క మాట తప్పు రాశానని నా అక్క కూతురి ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. జుట్టు పెరిగిందా అని నీకు ప్రతి ఉత్తరంలో అడగాలనుకున్నాను. అత్త మోకాలి గురించి రాశాను.

నీ ఉత్తరం చూసి నిన్న పట్నం వెళ్ళాను. కంపెనీ గేటుకు తాళం వేసి ఉంది. గోపాలన్ గారు కలకత్తా వైపు వెళ్ళిపోయాడని కాపలావాడు చెప్పాడు. చిరునామా లేదు.

ఆ సినిమా నేను చూడలేదని రాశాను. పట్నంలో ఆడినన్నాళ్ళూ వెళ్ళి చూశాను. ఆ పాట రాగానే లేచి బయటికి వచ్చి నిలబడేవాణ్ణి.

నన్ను క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

మునిరత్నం

*

తిరుత్తణి,
ఏప్రిల్ 1940

మామకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మకు చదివి వినిపించలేదు. మామ బాగున్నాడట, సినిమాలు తగ్గించాడట అని చెప్పాను. నమ్మలేదు గానీ ఊరుకుంది.

జుట్టు భుజాలు దాటింది. అది మళ్ళీ మొలుస్తుందని మీరు రాసింది నిజమే. రెండోదీ నిజమే.

క్షమించానో లేదో నాకింకా తెలియదు. తెలిసినప్పుడు రాస్తాను. అంతవరకు మీరు ఉత్తరాలు ఆపవద్దు. కొత్త సినిమాలు చూడండి, చూసినవి చూసినట్టు రాయండి. రాసేటప్పుడు తెలుగైతే తెలుగు రాయండి, అరవమైతే అరవం రాయండి. సగం సగం వద్దు.

నిన్న మగ్గం దగ్గర కూర్చుని పాడాను. మీరు మొట్టమొదట పంపిన పుస్తకంలో పాట, గోపాలన్ గారికి పాడినదే. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది. రెండో చరణానికి నేను కట్టుకున్న వరస ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మాటలు పుస్తకంలో ఉన్నాయి, వరస ఎక్కడుంది? ఎదురింటికి వెళ్ళి సుందరవల్లిని అడిగాను, నేనెలా పాడేదాన్నో నీకేమైనా జ్ఞాపకం ఉందా అని. పాపం, చాలాసేపు ఆలోచించింది. ఆమెకు సినిమాలో వరసే గుర్తుంది.

చంద్రావతి